గోడ వెనక గొట్టం

ఈసారి డ్రయ్యర్ వేసినప్పుడు అది తిరుగుతుండగానే చెప్పులేసుకుని ఇంటి బయటికి వెళ్లండి. లాండ్రీ రూమ్ ఏ వైపుందో ఆ గోడ పొడుగునా చూసుకుంటూ నడవండి. ఎక్కడో ఒకచోట నాలుగంగుళాల గొట్టం మూతి, దాని మీద రేకుదో ప్లాస్టిక్‌దో ఒక రెక్క కనిపిస్తాయి. దగ్గరగా చెయ్యి పెట్టండి. రెక్క బాగా పైకి లేచి, వెచ్చటి తడిగాలి అరచేతికి గట్టిగా తగలాలి. గాలి నీరసంగా వస్తున్నా, రెక్క సగం లేచి టపటప కొట్టుకుంటున్నా లోపల దారి మూసుకుపోతోందని అర్థం. ఇల్లంతా చుట్టినా మూతి కనిపించకపోతే కాస్త దూరం జరిగి పైకప్పు మీద వెతకండి. అక్కడా లేదంటే సంగతి ఇంకా పెద్దది. దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

అమెరికాలో ఇల్లు కట్టుకున్న, కొనుక్కున్న మన కుటుంబాల కోసమే ఈ అధ్యాయం. ఇంటి జాగ్రత్తల్లో చాలావాటిని మనం పనిగట్టుకుని నేర్చుకోలేదు. రాత్రి పడుకోబోయే ముందు సిలిండర్ రెగ్యులేటర్ కట్టేయడం, దీపారాధన చేసేటప్పుడు కొంగు దోపుకోవడం, తడి చేత్తో స్విచ్ ముట్టుకోకపోవడం, ఇవన్నీ అమ్మ చేస్తుంటే చూసి ఒంటబట్టినవి. డ్రయ్యర్‌ను మాత్రం మనం చూస్తూ పెరగలేదు. డాబా మీద దండేనికి వేసిన బట్టలు ఎండకి ఆరిపోయేవి, అంతే. ఇక్కడికొచ్చాక బటన్ నొక్కితే గంటలో బట్టలు ఆరుతున్నాయి కాబట్టి ఇందులో తెలుసుకోవాల్సింది ఇంకేమీ లేదనిపిస్తుంది. పెద్దవాళ్ల నుంచి అందని జాగ్రత్తను మనమే పూనుకుని అలవాటు చేసుకోవాలి. మన పిల్లలు మాత్రం దాన్ని మనల్ని చూసే నేర్చుకుంటారు.

భయపెట్టడానికి కాదు గానీ లెక్క ఒకటి చెప్పాలి. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2008 నుంచి 2010 వరకు జరిగినవాటిని పరిశీలించి, ఇళ్లలో డ్రయ్యర్ల వల్ల ఏటా దాదాపు 2,900 అగ్నిప్రమాదాలు జరిగాయని తేల్చింది. వాటిలో ఏడాదికి సుమారు ఐదుగురు చనిపోయారు, వందమంది గాయపడ్డారు, మూడున్నర కోట్ల డాలర్ల ఆస్తి నష్టమైంది. కారణాల్లో మొదటి స్థానం, 34 శాతం, శుభ్రం చేయకపోవడానిదే. నెలల్లో జనవరిది పైచేయి. కోట్ల ఇళ్లున్న దేశంలో ఇది గుండెలు బాదుకోవాల్సిన సంఖ్య కాదు. కానీ ఆ మూడో వంతు ప్రమాదాలు ఎవరో ఒకరు ఒక బ్రష్షు పట్టుకుని ఉంటే జరిగేవి కావన్న సంగతి నన్ను కుదురుగా ఉండనివ్వదు.

ముందు ఆ పెట్టెలో ఏం జరుగుతుందో చూద్దాం. డ్రయ్యర్ గదిలోని గాలిని లోపలికి లాక్కుని వేడి చేస్తుంది. ఆ వేడిగాలిని తిరుగుతున్న డ్రమ్ములో తడి బట్టల మధ్యగా పంపిస్తుంది. బట్టల్లోని తడిని పట్టుకున్న గాలిని ఒక ఫ్యాను వెనక గొట్టంలోకి తోసేస్తుంది. వాషింగ్ మెషీన్ గట్టిగా పిండాక కూడా ఒక మామూలు లోడులో దాదాపు రెండు లీటర్ల నీళ్లు మిగిలే ఉంటాయి. ఆ రెండు లీటర్లూ ఆవిరై గోడ దాటి బయటికి పోవాలి. అంటే బట్టల్ని ఆరబెట్టడంలో వేడి సగం పనే చేస్తుంది, తక్కిన సగం కదిలే గాలిది. గాలి ఆడకపోతే వేడి లోపలే పోగుపడుతుంది, తడి మాత్రం పోదు. బట్టలు ముట్టుకుంటే కాలుతుంటాయి, ఆరి మాత్రం ఉండవు. మనం ఇంకో నలభై నిమిషాలు పెడతాం. వేడి మితిమీరితే ఆపేసే థర్మోస్టాట్లు లోపల ఉంటాయి. అయితే వాటిని అత్యవసరం కోసం పెట్టారు. రోజూ వాటి మీదే బండి నడిపిస్తే ఏదో ఒక రోజు అవి పనిచేయడం మానేస్తాయి.

ఈ వేడికి తోడయ్యేది లింట్, బట్టల నుంచి రాలే నూగు. లింట్ ట్రాప్ జల్లెడను బయటికి లాగి వెలుతురులో పట్టుకుని చూడండి. బూడిద రంగులో మెత్తటి పొర ఒకటి పరుచుకుని ఉంటుంది. కొత్త టవళ్లు వేసిన రోజు దుప్పటంత మందంగా వస్తుంది, జీన్సు వేస్తే నీలంగా వస్తుంది, నైలాన్ బట్టలకి దాదాపు ఏమీ రాదు. వేలితో ఒక మూల నుంచి చుడితే అప్పడంలా ఒకే ముక్కగా ఊడివస్తుంది. మీ పిల్లలు స్కౌట్స్‌లో ఉంటే వాళ్లనడగండి, క్యాంపుకి వెళ్లినప్పుడు మంట రాజేయడానికి దీన్నే మూట కట్టుకుని వెళతారు. అంత తేలిగ్గా అంటుకుంటుంది. జల్లెడ దీన్నంతా పట్టుకోలేదు. కొంత పక్కల నుంచి తప్పించుకుని డ్రయ్యర్ అడుగున, మోటారు చుట్టూ, గొట్టం గోడలకి అంటుకుంటుంది. తడిగాలిలో తడిసి అతుక్కున్న నూగు మీద ఇంకో పొర పేరుకుంటుంది. ఎక్కడ గొట్టం వంపు తిరిగిందో, ఎక్కడ కిందికి జారిందో అక్కడ ఇంకా ఎక్కువ.

అందుకే ప్రతి లోడుకీ జల్లెడ తుడవాలి. వారానికోసారి కాదు, గుర్తొచ్చినప్పుడు కాదు, ప్రతి లోడుకీ. బట్టలు తీశాక తుడవడం కన్నా, వేసే ముందు తుడవడం మేలని నా అభిప్రాయం. ఎందుకంటే బట్టలు తీసేటప్పుడు రెండు చేతులూ నిండి ఉంటాయి, తర్వాత చూద్దాంలే అనిపిస్తుంది. వేసే ముందు మాత్రం చెయ్యి ఎలాగూ మెషీన్ మీదే ఉంటుంది. సువాసన కోసం డ్రయ్యర్ షీట్లు వాడే ఇళ్లలో ఇంకో చిక్కుంది. వాటి మైనం లాంటి పదార్థం జల్లెడ కన్నాల్లో కంటికి కనపడని పొరగా పేరుకుంటుంది. జల్లెడను కుళాయి కింద పట్టండి. నీళ్లు గలగలా కిందికి దిగిపోతే మంచిదే, పైనే నిలబడితే పాత టూత్‌బ్రష్షూ డిష్ సోపూ పట్టుకుని గోరువెచ్చటి నీళ్లలో తోమండి. పూర్తిగా ఆరాకే మళ్లీ పెట్టండి.

ఇప్పుడు గొట్టం సంగతి. డ్రయ్యర్‌ను జాగ్రత్తగా ముందుకి జరిపి వెనక్కి తొంగిచూస్తే, మెషీన్‌నీ గోడనీ కలిపే ముక్క ఒకటి కనిపిస్తుంది. తెల్లటి ప్లాస్టిక్ స్ప్రింగు గొట్టం కనిపించిందా? ఆ రోజే తీసేయించండి, అది మంటకి కరిగి తానే ఇంధనమవుతుంది. వెండి రంగులో చాక్లెట్ కాగితంలా నలిగే పలచటి ఫాయిల్ గొట్టం కూడా అంత మంచిది కాదు. దాని ముడతల్లో నూగు చేరుతుంది, మెషీన్‌ను వెనక్కి నెట్టగానే నలిగి సగానికి సగం మూసుకుపోతుంది. ఉండాల్సింది గట్టి అల్యూమినియం గొట్టం, లేదా కొంచెం వంగే అల్యూమినియం రకం. ఆ వంగే ముక్క కూడా డ్రయ్యర్ల కోసమే తయారై, యూఎల్ గుర్తింపు ఉన్నదై ఉండాలి. పొడవు ఎనిమిది అడుగులు మించకూడదు, మధ్యలో అతుకు ఉండకూడదు, గోడలోకి దూరకూడదు. మెషీన్ వెనక చోటు బొత్తిగా లేకపోతే గోడలోకి గూడులా అమర్చే రేకు పెట్టె దొరుకుతుంది, గొట్టం నలగకుండా అందులో తిరుగుతుంది.

గోడ లోపలిది నాలుగంగుళాల వ్యాసమున్న నున్నటి లోహపు గొట్టం కావాలి. చాలా రాష్ట్రాలు అనుసరించే రెసిడెన్షియల్ కోడ్ దాని రేకు మందం 28 గేజ్ ఉండాలంటుంది. అతుకుల దగ్గర గాలి పోయే దిశగానే ఒక ముక్క ఇంకోదాంట్లో దూరాలి, ఎదురుగా ఉంటే ఆ అంచు నూగుని పట్టేస్తుంది. అతుకులకి పొడవాటి స్క్రూలు బిగిస్తే వాటి మొనలు లోపలికి పొడుచుకొచ్చి అదే పని చేస్తాయి. ఎనిమిదో వంతు అంగుళానికి మించి మొన లోపలికి రాకూడదని కోడ్‌లోనే ఉంది. అతుకు మీద బూడిద రంగు గుడ్డ టేపు చుట్టే అలవాటు చాలామందికి ఉంది. ఆ వేడికి దాని జిగురు ఎండి రాలిపోతుంది. అల్యూమినియం ఫాయిల్ టేపు వాడాలి.

పొడవు దగ్గర కొంచెం లెక్క అవసరం. కోడ్ ప్రకారం గొట్టం మొత్తం 35 అడుగుల లోపు ఉండాలి. కానీ ప్రతి తొంభై డిగ్రీల వంపుకీ ఐదు అడుగులు, నలభై ఐదు డిగ్రీల వంపుకి రెండున్నర అడుగులు అందులోంచి తీసేయాలి. మేడ మీద, ఇంటి నడిమధ్య లాండ్రీ రూమ్ ఉన్న ఇల్లు ఊహించుకోండి. ఈ మధ్య కట్టే ఇళ్లలో పడగ్గదుల పక్కనే సౌకర్యమని అలాగే కడుతున్నారు. గొట్టం పైకి లేచి అటిక్‌లో అడ్డంగా పరుగెత్తి బయటి గోడకి చేరేసరికి 24 అడుగులు, మూడు మూలలు అనుకుందాం. మూలలకి పదిహేను పోగా మిగిలేవి ఇరవై అడుగులే. నాలుగు అడుగులు ఎక్కువైంది. మెషీన్ కంపెనీ తన మాన్యువల్లో ఇంతకన్నా ఎక్కువ దూరం ఒప్పుకుని ఉంటే సరే, అది చూసుకోవాలి. లేదంటే డ్రయ్యర్ గొట్టాలకనే తయారుచేసిన బూస్టర్ ఫ్యాను పెట్టించాలి. మామూలు బాత్రూమ్ ఫ్యాను లాంటిది తెచ్చి మధ్యలో ఇరికించకూడదు.

కొత్త ఇల్లు బుక్ చేసుకున్నవాళ్లకి ఇక్కడ ఒక విలువైన అవకాశం ఉంది. డ్రైవాల్ బిగించే ముందు గోడలు ఎముకల గూడులా తెరిచి ఉన్నప్పుడు బిల్డర్లు ఇల్లు చూడనిస్తారు. ప్రీ డ్రైవాల్ ఇన్‌స్పెక్షన్ అంటారు దాన్ని. కౌంటర్‌టాప్ గ్రానైటు రంగు కోసం, పూజగది తూర్పుకుందా లేదా అని చూడడం కోసం మనం వారాలు పెడతాం. ఆ శ్రద్ధలో పదిహేను నిమిషాలు ఈ గొట్టానికి ఇవ్వండి. ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతోందో, ఎన్ని వంపులో, అతుకులు ఎటు తిరిగాయో ఫోనులో ఫొటోలు తీసుకోండి. డ్రైవాల్ పడ్డాక ఆ ఫొటోలే మీకు మ్యాపు. ఇల్లు చేతికొచ్చాక మొదటి లోడు వేసే ముందు బయట మూతి దగ్గర కూడా ఒకసారి చూడండి. పనివాళ్లు వదిలిన ఇన్సులేషన్ ముక్కలు, రంపపు పొట్టు అందులో ఉండే వీలుంది.

గొట్టం చివర తప్పనిసరిగా ఇంటి బయట తేలాలి. అటిక్‌లో కాదు, క్రాల్ స్పేస్‌లో కాదు, గరాజ్‌లో కాదు, చిమ్నీలోకి కాదు. పాత ఇళ్లలో ఎవరో ఖర్చు తగ్గించుకోవడానికి అటిక్‌లోకి వదిలేసిన గొట్టాలు ఉంటాయి. బయట మూతి కనిపించనివాళ్లు మొదట అనుమానించాల్సింది దీన్నే. రోజుకి రెండు లీటర్ల ఆవిరి చెక్క దూలాల మధ్య చేరితే బూజు, కుళ్లు తప్పవు, నూగు ఇన్సులేషన్ మీద పొరలా పరుచుకుంటుంది. బయట తేలే చోటు కిటికీకో తలుపుకో కనీసం మూడు అడుగుల దూరంలో ఉండాలి. మూతికి పక్షులు దూరకుండా వల కట్టడం చాలామందికి తెలివైన పనిలా కనిపిస్తుంది. ఆ వలకే నూగంతా పట్టుకుని దారి బిగుసుకుపోతుంది. వల ఉండకూడదు. తనంతట తాను మూసుకునే రెక్క చాలు. వసంతంలో పిచ్చుకలు, స్టార్లింగులు రెక్కని తోసుకుని లోపల గూళ్లు పెడుతుంటాయి, అందుకే ఆ నెలల్లో ఒక కన్ను అటు వేసి ఉంచాలి. న్యూజెర్సీ, మిషిగన్ లాంటి చోట్ల మంచు తుఫాను వెళ్లాక మూతి మంచులో కూరుకుపోయిందేమో చూసి పారతో తవ్వి తీయాలి.

మీది గ్యాస్ డ్రయ్యర్ అయితే ఈ చివరి మాట రెట్టింపు ముఖ్యం. గ్యాస్ మండగా వచ్చే వాయువులు కూడా అదే గొట్టంలోంచి పోతాయి. దారి మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే తిరిగొస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మగతగా ఉండడం వల్ల ఫ్లూ అనుకుని పడుకుంటారు. చలికాలంలో ఇంటిని తడిగా, వెచ్చగా ఉంచుకోవచ్చని డ్రయ్యర్ గాలిని గదిలోకే మళ్లించే ప్లాస్టిక్ డబ్బాలు దుకాణాల్లో అమ్ముతారు. గ్యాస్ డ్రయ్యర్‌కి వాటిని ఎట్టి పరిస్థితుల్లోనూ తగిలించకండి. ప్రతి అంతస్తులో, పడగ్గదుల బయట కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. డ్రయ్యర్‌ను అల్మారా లాంటి మూసిన గదిలో పెడితే అది లాక్కోవడానికి గాలి కూడా కావాలి. తలుపుకి కనీసం వంద చదరపు అంగుళాల జాలీ కోడ్ అడుగుతుంది.

ఇక ఏడాదికోసారి చేయాల్సిన పని. పెద్ద కుటుంబమై రోజూ లోడ్లు పడుతుంటే ఆర్నెల్లకోసారి. ఒక శనివారం పొద్దున్న పెట్టుకోండి. మొదట ప్లగ్గు పీకండి, అందకపోతే బ్రేకర్ ఆపండి. ఎలక్ట్రిక్ డ్రయ్యర్‌కి వచ్చేది 240 వోల్టులు. గ్యాస్‌దైతే వెనకున్న వాల్వు తిప్పి మూయండి, జరిపేటప్పుడు గ్యాస్ గొట్టం లాగబడకుండా చూసుకోండి. ఆ గొట్టాన్ని కదపాలంటే భయంగా ఉంటే అక్కడే ఆగి మనిషిని పిలవడం మంచిది. మెషీన్ బయటికి వచ్చాక క్లాంపు వదులు చేసి వంగే ముక్కను విప్పండి, ఇంటి బయటికి తీసుకెళ్లి దులపండి. మెషీన్ వెనక, కింద, జల్లెడ దూరే గాడిలో సన్నటి నాజిల్‌తో వాక్యూమ్ పట్టండి. గోడలో గొట్టానికి హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే పొడవాటి బ్రష్షు కావాలి. కర్రలు ఒకదానికొకటి మరలుగా బిగుసుకుని పొడుగవుతాయి, డ్రిల్లుకి తగిలించి తిప్పుతారు. డ్రిల్లు ఎప్పుడూ బిగుసుకునే వైపే తిరగాలి. ఎదురు తిప్పితే మర ఊడి బ్రష్షు గోడలోనే ఉండిపోతుంది, అప్పుడు గోడ కోయాల్సి వస్తుంది. అయ్యాక అన్నీ కలిపి, ఖాళీ డ్రయ్యర్‌ను పది నిమిషాలు గాలి మీద నడపండి. మొదట చెప్పినట్టు బయట చెయ్యి పెట్టి చూడండి. ముందుకీ ఇప్పటికీ తేడా అరచేతికే తెలుస్తుంది.

గొట్టం పైకప్పు మీద తేలే ఇళ్లలో మాత్రం నిచ్చెన ఎక్కకండి. మనిషిని పిలిపించండి. చిమ్నీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా ఈ పనికే విడిగా సర్టిఫికెట్ ఇస్తుంది, అది ఉన్నవాళ్లని అడిగి పిలిపించుకోవచ్చు. పని మొదలుపెట్టే ముందు, అయ్యాక గాలి వేగం కొలిచి చూపించమనండి.

డ్రయ్యర్‌లో ఏం వేయకూడదో చెప్పకపోతే మన ఇళ్లకి సంబంధించి ఈ అధ్యాయం అసంపూర్ణం. నూనె. వంటింటి గుడ్డలు, పండగనాడు గారెలు వేయించాక మూకుడు తుడిచిన టవలు, అభ్యంగన స్నానం చేయించిన పిల్లాడి తువ్వాలు, నువ్వుల నూనె పట్టించిన తలగడ గలీబు, దీపాల దగ్గర వాడిన గుడ్డ. ఉతికితే నూనె వదిలిపోతుందనుకుంటాం. పూర్తిగా వదలదు. మిగిలినది డ్రయ్యర్ వేడికి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తనలో తానే వేడెక్కుతుంది. కుప్పగా వదిలేస్తే, మెషీన్ ఆగిపోయి గంటలు గడిచాక కూడా దానంతట అది అంటుకోగలదు. అందుకే కంపెనీల మాన్యువళ్లన్నీ వంటనూనె తగిలిన బట్టలు వేయొద్దని రాస్తాయి. వాటికి దండెమే మంచిది. హెచ్‌ఓఏ వాళ్లు బయట ఆరేయొద్దంటారని చాలామంది వెనకాడతారు గానీ ఫ్లోరిడా, కొలరాడో, మేరీలాండ్, వెర్మాంట్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో దండెం కట్టుకునే హక్కును చట్టమే కాపాడుతోంది. అది లేనిచోట గరాజ్‌లో ఒక మడత స్టాండు సరిపోతుంది. రబ్బరు, ఫోమ్ ఉన్నవి కూడా లోపలికి పోకూడదు. చివర్లో వేడి లేకుండా తిరిగే చల్లబరిచే భాగాన్ని తొందరపడి మధ్యలో ఆపకండి, అది నిజంగా అవసరమైన భాగం.

నడిపే సమయం గురించి కూడా ఒక మాట. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో వంట, పిల్లల హోంవర్కు అయ్యాక రాత్రి పదిన్నరకి లోడు వేసి పడుకోవడం మామూలైపోయింది. ఆ కష్టం తెలియక కాదు, కానీ అది మానాల్సిందే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, అందరూ నిద్రపోతున్నప్పుడు డ్రయ్యర్ తిరగకూడదు. రాత్రి ఉతికి, పొద్దున్న లేవగానే డ్రయ్యర్‌లో వేయండి. కాఫీ తాగి పిల్లల్ని బస్సెక్కించేలోపు ఆరిపోతాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తామామలో ఆర్నెల్లు ఉండటానికి వచ్చినప్పుడు మనం ఆఫీసుకెళితే ఆ మెషీన్ వాళ్ల చేతిలోనే ఉంటుంది. వచ్చిన వారంలోనే పక్కన నిలబడి జల్లెడ లాగి చూపించండి. “ప్రతిసారీ ఇది తీయాలమ్మా, లేకపోతే బట్టలు ఆరవు” అని కారణంతో సహా చెబితే వాళ్లు మనకంటే బుద్ధిగా పాటిస్తారు. ప్లగ్గు ఎక్కడుందో, బ్రేకర్ ఏదో, 911 కి ఎలా చేయాలో కూడా అప్పుడే చూపించండి.

కాలిన వాసన వచ్చినా, తలుపు సందుల్లోంచి పొగ వస్తున్నా డ్రయ్యర్ తలుపు మాత్రం తెరవకండి. తెరిస్తే మంటకి కొత్త గాలి దొరుకుతుంది. బటన్ అందుబాటులో ఉంటే ఆపండి. లాండ్రీ గది తలుపు దగ్గరికేసి అందర్నీ బయటికి తీసుకెళ్లి అక్కడి నుంచి ఫోన్ చేయండి.

వచ్చేసారి మెషీన్ మార్చాల్సి వచ్చినప్పుడు హీట్ పంప్ డ్రయ్యర్ల గురించి ఆలోచించమని సలహా ఇస్తాను. వాటికి బయటి గొట్టమే ఉండదు. తడిని లోపలే నీరుగా మార్చి డ్రెయిన్‌లోకి పంపేస్తాయి, కరెంటు కూడా బాగా తక్కువ తీసుకుంటాయి. ఒక్కో లోడుకి పట్టే సమయం మాత్రం ఎక్కువ, జల్లెడలు తుడవడం వీటిలోనూ తప్పదు. ఇండియాలో ఉన్నవాళ్లకీ ఒక మాట. ఆవిరిని బయటికి వదిలే డ్రయ్యర్‌ను హైదరాబాద్ ఫ్లాట్లలో అద్దాలు బిగించిన యుటిలిటీ బాల్కనీలో పెట్టుకున్నవాళ్లు, అది నడిచేంతసేపూ అద్దం తీసి ఉంచాలి. లేకపోతే ఆ తడంతా గోడలకే పడుతుంది.

అద్దె ఇంట్లో, అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు గొట్టాన్ని తామే విప్పనక్కర్లేదు, చాలాచోట్ల విప్పనివ్వరు కూడా. లోడు ఆరడానికి రెండుసార్లు నడపాల్సి వస్తోందని, గదిలో చెమ్మ పడుతోందని, బయట రెక్క లేవడం లేదని తేదీతో సహా రాసి మెయింటెనెన్స్ రిక్వెస్ట్ పెట్టండి. రెక్క ఫొటో జత చేయండి. ఫోన్‌లో చెబితే మాటగా పోతుంది, రాసింది రికార్డుగా ఉంటుంది. వాళ్లు వచ్చి బాగుచేసేదాకా ఆ డ్రయ్యర్ వాడకండి, బట్టలు స్టాండు మీద వేసుకోండి.